కార్యదక్షుడు కాటను దొర

గోదావరి సీమలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా దూరప్రాంతములకు తరలిపోయిన తెలుగువాని కన్నుల ముందు జన్మభూమి ఎప్పుడును ఒకే రూపమున నిలిచియుండును. కనుచూపు మేర వరిచేలు, కాలువ గట్టున కొబ్బరిచెట్లు, లాకుల కడ తలుపు తెరచుటకై వేచియున్న పడవలు, ఇవి ఆ చిత్రమునకు రేఖలు. ఈ సౌభాగ్యము ఆ సీమకు అనాదిగా ఉన్నదేయని తోచుట సహజము. కాని పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున ఆ నేల కరువునకును వరదకును ఆటపట్టు. గోదావరి నిండుగా ప్రవహించి సముద్రమున కలిసిపోవుచుండగా, ఆ నది ఒడ్డుననే జనులు గ్రుక్కెడు గంజికి అలమటించిరి. ఆ స్థితిని మార్చినది ధవళేశ్వరము ఆనకట్ట. దానిని కట్టించినవాడు సర్ ఆర్థరు కాటను.

కాటను దొర పేరు ఎరుగని తెలుగువారు అరుదు. గొప్ప ఇంజనీరనియు, దయాళువనియు ఆయనను కొనియాడుట వాడుక. ఆ ప్రశంసలు రెండును తగినవే. అయితే ఆయనకు మరియొక ప్రజ్ఞ కలదు; అది అంతగా ప్రస్తావనకు రాదు. ఒక పెద్ద కార్యమును తలపెట్టి, దాని హద్దులు నిర్ణయించి, వ్యయము లెక్కవేసి, కాలము కేటాయించి, భిన్నభిన్నములైన ఆశలు గల జనులనందరిని దానితో కలుపుకొని కడముట్టించు నేర్పే ఆ ప్రజ్ఞ. ఆ నేర్పు నిండుగా ఉన్నచోట ఆయన గెలిచెను. అది కొరవడిన చోట అంతటివాడును ఓడిపోయెను. ఈ రెండును తెలిసిననే గాని ఆయన జీవితము పూర్తిగా తెలిసినట్లు కాదు.

ఆర్థరు కాటను 1803 వ సంవత్సరము మే 15 వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. హెన్రీ కాల్వెలీ కాటను అను పెద్దమనిషికి ఆయన పదవ కుమారుడు. పెద్ద కుటుంబము, కొడుకులు తమ దారి తాము వెదుకుకొనవలసిన కాలము. పదునైదవయేట ఆయన ఆడిస్కోంబులోని ఈస్టిండియా కంపెనీ వారి సైనిక విద్యాలయమున చేరి, 1819 లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగి యయ్యెను. 1821 లో ఓడ దిగి మద్రాసు నేలపై కాలు మోపునాటికి ఆయనకు పదునెనిమిది సంవత్సరములు మాత్రమే.

ఆ దినములలో ఇంజనీరనగా సైన్యమునకు దారులు వేయుటకును కోటలు మరమ్మతు చేయుటకును ఏర్పడినవాడని పై అధికారుల భావన. చెరువులు, కాలువలు రెవెన్యూ వ్యవహారమునకు తోకవంటివి. యువకుడైన కాటను దక్షిణ జిల్లాలలోని చెరువుల శాఖలో పనిచేసెను. పాంబను జలసంధిలో ఓడలకు దారి ఏర్పరచు విషయమై కొలతలు తీసెను. 1824 లో మొదలైన బర్మా యుద్ధమునకు పోయి వచ్చెను. 1828 లో కావేరి నీటిపారుదల పనులు ఆయన వశమయ్యెను. ఆయన అసలు చదువు అక్కడనే ప్రారంభమైనదని చెప్పవచ్చును.

తంజావూరు సీమలో చోళులనాటి కల్లణై, అనగా రాతి ఆనకట్ట, అప్పటికే పలు శతాబ్దములుగా నిలిచియుండెను. కరికాల చోళుడు దానిని కట్టించెనని ప్రతీతి. నది అడుగున రాతిపొర దొరకనిచో కట్టడము నిలువదని పాశ్చాత్య విద్యాలయములు నేర్పుచుండగా, ఆ కట్ట వట్టి ఇసుకపై నిలిచి వరదలను ఎదుర్కొనుచుండెను. పెద్ద రాళ్లను ఇసుకలోనికి దిగవేసి, దిగిన కొలది మరల వేసి, అవి కదలక నిలిచిన పిమ్మట పైపని చేయుట ఆ పూర్వుల పద్ధతి. కాటను ఆ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించెను. తాను నేర్చుకొన్నది ఈ దేశపు పూర్వ నిర్మాతలవద్దనే యని తరువాతి కాలమున దాచక చెప్పుకొనెను. ఆ పాఠము ననుసరించి 1835, 1836 సంవత్సరములలో కొల్లడము నదిపై ఎగువను దిగువను రెండు ఆనకట్టలు కట్టించెను. తంజావూరు పొలములకు నీరు నిశ్చయమయ్యెను.

అయితే ఆ పనియే ఆయనకు మరియొక పాఠమును గూడ నేర్పినది. కొల్లడమునకు అడ్డు పడుటతో కావేరి పాయలోనికి నీరు అధికముగా మళ్లి, దాని అడుగు కోసికొనిపోసాగెను. దానిని అదుపుచేయుటకు కొలది సంవత్సరములలోనే కావేరి మొగదలను గూడ అడ్డుకట్ట వేయవలసి వచ్చినది. ఒక చోట తీర్చిన కొరత మరియొక చోట చిక్కును తెచ్చిపెట్టగలదనియు, కట్టడము ముగిసిననాడు కార్యము ముగియదనియు ఈ అనుభవము తెలియజేసెను.

ఇంతలో గోదావరి సీమ నానాటికి క్షీణించుచుండెను. 1832, 1833 సంవత్సరములలో వచ్చిన నందన కరువు గుంటూరు మొదలు గోదావరి వరకు గల ఊళ్లను తుడిచిపెట్టినది. 1839 లో కోరంగి తీరమున విరుచుకుపడిన తుపాను, సముద్రపు ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నవి. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821 లో 7,38,308 కాగా, 1841 నాటికి 5,61,041 కి దిగిపోయెను. ఇరువది సంవత్సరములలో ప్రతి నలుగురిలో ఒకరు లేకపోయిరన్నమాట. చచ్చినవారు చావగా, మిగిలినవారిలో పలువురు వలసపోయిరి. శిస్తు వసూలు పడిపోయినది. కంపెనీ పాలకులకు కలత కలిగించినది జనక్షయమో, శిస్తు క్షయమో చెప్పుట కష్టము. బహుశః రెండవదే ఎక్కువ. కారణము కనుగొనుటకై వారు సర్ హెన్రీ మాంట్‌గమరీని ప్రత్యేకాధికారిగా పంపిరి. నీటి వసతి కల్పించుటయే ఈ సీమకు మందు అని 1844 లో ఆయన నివేదించెను. ఆ వసతి ఎట్లు కల్పింపదగునో పరిశీలించు పని కాటను దొరకు అప్పగింపబడెను.

అప్పటికి కాటను విశాఖపట్టణ ప్రాంతమున ఉండి, సముద్రపు కోతనుండి తీరమును కాపాడు పనులను చూచుచుండెను. ఆయన ఆరోగ్యము అంతగా బాగుండలేదు. అయినను ఆయన గోదావరి తీరములను కాలినడకను, పడవమీదను, గుఱ్ఱముమీదను తిరిగెను. నేల ఎటు వాలుగా నున్నదో, ఏ పాయ ఎక్కడ చీలునో, రాయి ఎక్కడ దొరకునో, వరద ఎంత ఎత్తు వచ్చునో స్వయముగా చూచెను. 1844, 1845 సంవత్సరములలో ఆయన పంపిన నివేదికలు ఈనాటికిని సచివాలయములలో పనిచేయువారు పరిశీలింపదగినవి. ఒక ప్రతిపాదన ఎట్లుండవలెనో అవి తెలుపును.

ఆ నివేదికలలోని మొదటి గుణము, లక్ష్యము స్పష్టముగా నుండుట. నదికి అడ్డముగా ఒక కట్ట కట్టుట ఆయన లక్ష్యము కాదు; డెల్టాను సస్యశ్యామలము చేయుట లక్ష్యము. కట్ట దానికి సాధనము. అందుచేత ఆనకట్టతోపాటు తూములు, పంట కాలువలు, వరద గట్లు, మురుగు కాలువలు, పడవలు నడచుటకు లాకులు, బాటలు, వంతెనలు అన్నియు ఒకే పథకమున చేర్చబడెను. వీనిలో ఏది లోపించినను మిగిలినవాని ఫలము సగమగునని ఆయన గ్రహించెను.

రెండవ గుణము, ఎవరికి ఏది కావలెనో తెలిసికొని చెప్పుట. లండనులోని డైరెక్టర్లకు గోదావరి రైతు కన్నీరు కనబడదు. లెక్కల పుస్తకము కనబడును. వారికి ఆయన ఖర్చును రాబడిని ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. పని చేయుటకు అగు వ్యయమునే గాక, చేయకుండుటచే ఏటేట కలుగు నష్టమును గూడ లెక్కగట్టెను. జిల్లా అధికారులకు కరువు నివారణయు శిస్తు నిలకడయు చూపెను. వర్తకులకు, పడవలవారికి జలమార్గమును చూపెను. రైతునకు కావలసినది అన్నింటికంటె సులభముగా చెప్పదగినది: వాన మొగము చూడకుండ నారు పోసికొను ధైర్యము. ఒకే పథకము ఇన్ని విధముల మేలు చేయుననుట కల్పన కాదు, నిజమే. కాని ఆ నిజమును ఎవరి భాషలో వారికి విడమరచి చెప్పనిచో దస్త్రము అటకెక్కి యుండెడిది. అప్పటి మద్రాసు గవర్నరు ట్వీడ్‌డేలు ప్రభువు ఆ ప్రతిపాదనను బలపరచెను. 1846 లో అనుమతి లభించెను.

ఆనకట్టకు చోటు నిర్ణయించుటలో ఆయన వివేకము మరింత ప్రస్ఫుటమగును. నది ఒకే పాయగా ఇరుకున ప్రవహించుచోట కట్ట పొడవు తగ్గును గాని ప్రవాహవేగము, లోతు భయంకరముగా నుండును. ధవళేశ్వరము కడ నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి లంకల నడుమ విశాలముగా పరచుకొనియున్నది. అక్కడ కట్ట పొడవు పెరిగినను లోతు తక్కువ. వరద తాకిడియు తక్కువ. లంకలు సహజముగా నడిమి ఆధారములగును. దాపుననే ధవళేశ్వరము కొండ రాయి సమకూర్చును. కావున ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట రూపొందెను. కట్టడపు మొత్తము పొడవు ఇంచుమించు పండ్రెండు వేల అడుగులు. ఒక పెద్ద అసాధ్యమును నాలుగు సాధ్యములుగా విడగొట్టినట్లయ్యెను. ఒక పాయలో పని జరుగుచుండగా నీరు మరియొక పాయలో పోవును. ఒక భాగమున తెలిసిన తప్పు మరియొక భాగమున దిద్దుకొనవచ్చును.

1847 లో పని ప్రారంభమయ్యెను. కాటను కోరినంతమంది ఇంజనీర్లను, పనివారిని ప్రభుత్వము ఇయ్యలేదు. వచ్చినవారు కొందరు; వారిలో పలువురు పని నేర్చుకొనవలసిన యువకులు. కోరినది రాలేదని ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఉన్నవారికే పని నేర్పెను. కొండనుండి నదివరకు ఇనుప పట్టాలు పరిపించి రాతిబండ్లను నడిపించెను. అంతకు పూర్వము మద్రాసు దగ్గర రెడ్ హిల్సు కడ రాయి మోయుటకు వేసిన ఇనుప బాటతో ఆయనకు సంబంధము ఉండుటచే ఆ అనుభవము ఇచ్చట అక్కరకు వచ్చెను. కూలీలు, రాళ్లు కొట్టువారు, వడ్రంగులు, కమ్మరులు వేలకొలది చేరిరి. పదివేలమంది ఒకచోట చేరినప్పుడు వారికి తిండి, వసతి, కూలి ఏర్పాటు కాకున్నచో పనికంటె ముందు జనమే చెదరిపోవును.

ఈ విషయమున ఆయనకు కుడిభుజమై నిలిచినవాడు వీణెం వీరన్న. పనివారిని సమకూర్చుట, వారి కష్టసుఖములు కనుగొనుట, దొర ఆలోచనను వారి భాషలో వారికి అందించుట వీరన్న వలన జరిగెను. పరాయి దేశపు అధికారికిని, ఈ నేల కూలివానికిని నడుమ నమ్మకము ఏర్పడుటకు ఇట్టి మనిషి ఒకడు కావలెను. ఆ సేవకు ప్రభుత్వము వీరన్నను బిరుదుతో గౌరవించినది. ఆనకట్ట చరిత్రలో కాటను పేరు ప్రక్కన వీరన్న పేరును తలచుట న్యాయము.

గోదావరిలో పని చేయుటకు ఏడాది పొడవున అవకాశము లేదు. నీరు తగ్గిన శీతకాలము చివరనుండి తొలకరి వరద వచ్చు వరకు గల కొలది మాసములే పనికాలము. అందుచేత ఆ సంవత్సరము ఏ భాగము ఎంతవరకు చేయవలెను, వరద వచ్చునాటికి ఏది చెక్కుచెదరని స్థితిలో నుండవలెను అనునవి ముందే నిర్ణయింపబడెడివి. వరద ఏటేట వచ్చి పనిని పరీక్షించి పోవుచుండెను. రాళ్లు కదలినచోట మరల రాళ్లు పడెను. ఇసుక కోసిన చోట కట్ట దిగువన రాతి పరపు పొడిగింపబడెను. వరదను శత్రువుగా గాక, తప్పులు చూపు పరీక్షకుడుగా చూచుట కావేరి నేర్పిన గుణము.

1848 లో కాటను ఆరోగ్యము పూర్తిగా చెడి, సెలవుమీద ఆస్ట్రేలియా దిక్కునకు పోవలసి వచ్చెను. పని నడినీటిలో నుండెను. ఒక్క మనిషి బుఱ్ఱలో మాత్రమే దాగియున్న పథకమైనచో అది అప్పుడే ఆగిపోవలసినది. కాని కెప్టెను ఓరు ఆ భారము వహించి పనిని కొనసాగించెను. నాయకుడు లేనప్పుడును పని సాగుట నాయకుని గొప్పతనమునకు తక్కువ కాదు, గీటురాయి. 1850 లో కాటను తిరిగివచ్చి, 1852 వ సంవత్సరము మార్చి ఆఖరునాటికి ఆనకట్టను పూర్తిచేయించెను.

ఈ అయిదు సంవత్సరములును పై అధికారులతో ఆయనకు సుఖముగా గడిచినవని చెప్పరాదు. తొలి అంచనాను ఖర్చు మించిపోయెను. అదనపు మంజూరుకై మరల మరల వ్రాయవలసి వచ్చెను. ఆక్షేపణలు, సంజాయిషీలు, జాప్యములు నడుమ నడిచినవి. కాటను స్వభావము మెత్తనిది కాదు. ఆయన జాబులలో కారము పాలు ఎక్కువ. కాని ఆ కారమును పై వారు సహించుటకు కారణమొకటి కలదు. ప్రతి పనికాలము చివరను ఆయన చూపుటకు ఏదో ఒకటి ఉండెడిది. ఇన్ని గజములు కట్టితిమి, వరదకు నిలిచినది, ఇంత మిగిలినది అని లెక్క చెప్పగలిగెను. ఖర్చు పెరిగినను నమ్మకము తరుగలేదు.

ఆ నమ్మకమునకు గన్నవరము అక్విడక్టు మరియొక నిదర్శనము. కోనసీమలోని నగరము లంకకు కాలువ నీరు పోవలెనన్న నడుమ వైనతేయ పాయ అడ్డముగా నున్నది. నదిపై వంతెన కట్టి, ఆ వంతెనపై కాలువను నడపవలెను. నలుబదితొమ్మిది కమానుల ఈ కట్టడమును లెఫ్టినెంటు హేగు అను యువ ఇంజనీరు ఒక్క పనికాలములో పూర్తిచేసెను. ఆలసించినచో వరద వచ్చి సగము కట్టిన కమానులను కొట్టుకొనిపోయెడిది. ఒక యువకునికి అంత బాధ్యత అప్పగించుట కాటను పద్ధతి. నేర్పినవాని చేతిలో పని పెట్టి, దూరముగా నిలుచుట. ఆ అక్విడక్టు ఒక శతాబ్దమునకు పైగా ఉపయోగపడెను. 2000 సంవత్సరమున దాని ప్రక్కన నిర్మింపబడిన క్రొత్త దానికి అన్నదాత్రి డొక్కా సీతమ్మ పేరు పెట్టబడినది.

కాలువల విస్తరణ తరువాత పలు దశాబ్దములు సాగెను. పోయిన జనము తిరిగివచ్చిరి. మాగాణి పెరిగినది, శిస్తు పెరిగినది, కాలువలమీద ధాన్యము, కలప, బెల్లము మోయు పడవలు బారులు తీరినవి. కాలక్రమమున డెల్టాలో సుమారు పది లక్షల ఎకరములు నీటి వసతి పొందెను. డైరెక్టర్లు సంతసించిరి, రైతులును సంతసించిరి. ఈ ఇరువురును ఒకే పనికి ఒకేసారి సంతసించుట కంపెనీ పాలనలో అరుదుగా జరిగిన విషయము.

అయినను అందరును తృప్తి చెందిరనుట అతిశయోక్తి యగును. సముద్రమునుండి ఎదురీదుచు వచ్చు పులసకు ఆనకట్ట అడ్డమయ్యెను. ఎగువ బెస్తల వల వెలవెలబోయెను. నీరు తెచ్చినంత వేగముగా మురుగు పోవు దారులు ఏర్పడనందున పల్లపు భూములు నీట మునుగు బాధ తరతరములు సాగి, 1960 దశకములో సైతము ప్రభుత్వము మిత్రా సంఘమును నియమించి పరిశీలింపవలసి వచ్చెను. కాటను పథకములో మురుగు కాలువలకు చోటుండెను; ఆచరణలో పంట కాలువలకు దక్కిన ఆదరము వానికి దక్కలేదు. రాబడి చూపునది ముందునకును, రాబడి చూపనిది వెనుకకును పోవుట ప్రభుత్వ కార్యములలో కొత్త కాదు.

గోదావరి విజయము చూచి 1851 లో కృష్ణపై బెజవాడ కడ ఆనకట్టకు అనుమతి లభించెను. కెప్టెను ఓరు చేతిమీదుగా 1855 నాటికి అదియు పూర్తియయ్యెను. కాటను కీర్తి దేశమంతట వ్యాపించినది. ఆయన ఆలోచనలును అంతకంతకు పెద్దవయ్యెను. భారతదేశపు నదులన్నింటిని కాలువలతో కలిపి, రైలుబండికి బదులు పడవను నడపవలెనని ఆయన తలచెను. ఇక్కడనే ఆయన జీవితమున రెండవ అధ్యాయము మొదలగును. అది అంత తీయనిది కాదు.

తుంగభద్రనుండి కర్నూలు మీదుగా కడపకు కాలువ త్రవ్వుటకై 1858 లో మద్రాసు ఇరిగేషను కంపెనీ యని ఒక ప్రైవేటు సంస్థ లండనులో ఏర్పడెను. పది లక్షల పౌనుల మూలధనమునకు ప్రభుత్వము నూటికి అయిదు వంతున వడ్డీకి హామీ యిచ్చెను. ఈ పథకమునకు ప్రేరకుడు కాటను. ఆయన మాటను, గోదావరి పేరును నమ్మి జనులు వాటాలు కొనిరి. కాలువ సుంకేసులనుండి కడపవరకు సుమారు 190 మైళ్లు సాగెను. ఖర్చు అంచనాలను దాటెను. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి వచ్చెను. నీరు వచ్చినది గాని నీరు కోరువారు రాలేదు.

కర్నూలు సీమ రేగడి నేల తేమను పట్టి నిలుపుకొనును. అచ్చటి రైతు జొన్న, ప్రత్తి వేసికొని, మంచి సంవత్సరములలో వానతోనే గడుపుకొనును. కాలువ నీటికి పన్ను కట్టి వరి వేయుటకు అతనికి అలవాటు లేదు, అక్కర తోచలేదు. కరువు వచ్చిననాడు మాత్రము కాలువ గట్టున బారులు తీరెడివారు. గోదావరి డెల్టాలో నదీతీరములన్నియు తిరిగి, నేలను మనుష్యులను చూచి, పిదప కలము పట్టిన కాటను, ఇక్కడ గోదావరి లెక్కను ఎత్తి తుంగభద్రకు వేసెననవలెను. అక్కడి రైతు నీటికై ఎదురుచూచెను. ఇక్కడి రైతును ఎవరును ముందుగా అడుగలేదు. కంపెనీ అప్పులపాలై, 1882 లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చినది. ఒరిస్సాలో మహానది నీటికై ఏర్పడిన కంపెనీ పనులును 1860 దశకము ముగియునాటికి ప్రభుత్వ వశమైనవి.

ఆ కర్నూలు కడప కాలువ వ్యర్థము కాలేదు. తరువాతి తరములలో ఎందరో రైతులకు అదియే ఆధారమయ్యెను. పథకము చెడ్డదికాదు, కాని సమయము, విధానము, భాగస్వాముల మనసు కుదురలేదు. మంచి పనియైనను దానిని అనుభవింపవలసినవాడు కోరనప్పుడు బరువుగానే మిగులును.

కాటను 1860 లో భారతదేశము విడిచి పోయెను. 1861 లో సర్ బిరుదమును, 1866 లో కె.సి.ఎస్.ఐ. గౌరవమును ఆయన పొందెను. అయినను మనసు ఈ దేశపు నదుల మీదనే నిలిచెను. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమును దహించిన కరువును గూర్చి విని, రైళ్ల మీద కుమ్మరించిన ధనములో కొంత కాలువల కిచ్చియున్నచో ఇన్ని ప్రాణములు పోవుట తప్పెడిదని ఆయన వాదించెను. 1878 లో బ్రిటిషు పార్లమెంటు దిగువసభ వారి సంఘమొకటి ఆయనను పిలిపించి కఠినముగా ప్రశ్నించెను. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు గోదావరిని సాక్ష్యముగా చూపెను. ప్రశ్నించువారు తుంగభద్రను, మహానదిని చూపిరి. ఆయన పెద్ద పథకములను సంఘము ఆదరింపలేదు. నీరే భారతదేశమునకు ప్రాణమన్న ఆయన మాట సత్యము. కాని గోదావరిలో ఏటేట ఫలము చూపి పెంచుకొన్న నమ్మకము, చూపిన ఫలముకంటె చెప్పిన ఆశలు పెద్దవగుటతో తరిగిపోయెను. అట్లు తరిగిన నమ్మకమును వాదనతో పూడ్చుట ఎవరికిని సాధ్యము కాదు.

చివరి దినములలో ఆయన ఇంగ్లండులోని డోర్కింగులో నివసించుచు, పెరటి నేలను లోతుగా త్రవ్వి పైరు పెంచు ప్రయోగములు చేసికొనెను. 1899 వ సంవత్సరము జూలై 24 వ తేదీన తొంబదియాఱవ యేట కన్నుమూసెను. కుమార్తె లేడీ హోపు మరుసటి సంవత్సరము ఆయన జీవితచరిత్రను ప్రకటించెను.

ధవళేశ్వరము కడ పాత ఆనకట్ట ఒక శతాబ్దమునకు పైగా గోదావరిని నిలిపి, వయసు మీరి, తన స్థానమును 1982 లో ప్రారంభమైన క్రొత్త బ్యారేజికి ఇచ్చెను. ఆ బ్యారేజికి కాటను పేరే నిలిచినది. గోదావరి జిల్లాల ఊళ్ల కూడళ్లలో ఆయన విగ్రహములు కలవు. గుఱ్ఱముపై కూర్చున్న దొరకు రైతులు పూలదండలు వేయుదురు. నదీస్నాన సమయమున సంకల్పములో ఆయనను గూడ స్మరించువారు కలరని చెప్పుకొందురు. పరాయి ప్రభుత్వపు ఉద్యోగికి ఈ నేల ప్రజలు ఇచ్చిన ఈ స్థానము బిరుదుల వలన రాలేదు, పదవుల వలనను రాలేదు.

దస్త్రములతో కాలము గడుపువారికి ఆ ఆనకట్ట ఒక మాట చెప్పక చెప్పును. అంచనా కాగితముపై నిలుచును. కట్టడము రాతిపై నిలుచును. కాని కార్యము నిలుచునది దాని వలన బ్రదుకువారి మనసులలోనే. మంజూరు చేయువాడు, రాయి మోయువాడు, నీరు పెట్టుకొనువాడు ముగ్గురును తమదని తలచిన పని గోదావరి ఆనకట్ట యయ్యెను. వారిలో ఒకనిని మరచిన పని, ఎంతటివాడు తలపెట్టినను, కోరువారు లేని కాలువ నీరయ్యెను.